సుడిని విడదీసి చూడటం

(నెల్లూరులో ఇంజినీరింగ్ విద్యార్థులు, రైస్‌మిల్లుల సాంకేతిక సిబ్బంది, ఆక్వా రైతులు కలిసి కూర్చున్న ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం. తెర మీద చూపిన బొమ్మలను మాటల్లోకి మార్చడం తప్ప పెద్దగా దిద్దలేదు.)

అందరికీ నమస్కారం.

తెర మీద ఉన్న ఈ బొమ్మ చూడటానికి బాగుంది. రైస్‌మిల్లులో తవుడును, దుమ్మును గాలి నుంచి వేరుచేసే సైక్లోన్‌ను నిలువుగా మధ్యకు కోసి, లోపలి గాలి వేగాన్ని నీలం నుంచి ఎరుపు దాకా రంగుల్లో చూపిన బొమ్మ ఇది. నేను ఈ పని కొత్తగా నేర్చుకున్న రోజుల్లో ఇలాంటి బొమ్మలను రంగుల్లో అచ్చు వేయించి, మంచి కాగితం మీద బైండు చేయించి ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు మిమ్మల్ని ఒకటే అడుగుతాను: ఈ బొమ్మ చూసి, లోపల గాలి పైకి పోతోందో కిందికి దిగుతోందో, గడియారం ముల్లు దిశలో తిరుగుతోందో ఎదురు దిశలో తిరుగుతోందో ఎవరైనా చెప్పగలరా? ముందు వరసలో కూర్చున్నవారు కళ్ళు చిట్లించి చూస్తున్నారు గానీ, ఎంత చూసినా లాభం లేదు. ఇక్కడ రంగుగా మారింది వేగం పరిమాణం ఒక్కటే. దిక్కును మేమే చెరిపేసి మీ ముందు పెట్టాం. సుడి విషయంలో దిక్కు పోతే మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

అందువల్ల ఈ రోజు నేను మాట్లాడబోయేది సుడిని లెక్కించడం గురించి కాదు. లెక్క కంప్యూటరు చేస్తుంది, చాలావరకు సరిగ్గానే చేస్తుంది. లెక్క ముగిసిన తరువాత దాన్ని కంటికి ఎలా కనబరచాలి, వేగాన్ని ఏ ముక్కలుగా విడదీయాలి, విడదీసేటప్పుడు ఎక్కడెక్కడ మోసపోతాం అన్నదే నా విషయం. మోసపోయిన అనుభవం నాకు బాగానే ఉంది కాబట్టి మాట్లాడే అర్హత కూడా ఉందనుకుంటున్నాను.

ముందుగా ఒక ఎద్దులబండి చక్రాన్ని తలచుకోండి. మధ్యలో ఇరుసు, దాని నుంచి బయటికి పోయే ఆకులు, చుట్టూ ఇనుప పట్టా. తిరిగే గాలిలోగానీ నీటిలోగానీ ఏ బిందువు దగ్గర నిలబడినా, అక్కడి వేగాన్ని మూడు ముక్కలుగా విడదీయవచ్చు: ఇరుసు వెంట పోయే ముక్క, ఆకు వెంట బయటికో లోపలికో పోయే ముక్క, పట్టా వెంట చుట్టూ పోయే ముక్క. పుస్తకాలలో వీటిని అక్షీయ వేగం, వ్యాసార్థ వేగం, స్పర్శీయ వేగం అంటారు. అక్షం అన్న సంస్కృత పదానికి ఇరుసు అనే అర్థం ఎలాగూ ఉంది కనుక, నేను ఈ పూటకు ఇరుసు వేగం, ఆకు వేగం, చుట్టు వేగం అంటాను. బండిచక్రం కళ్ళ ముందు ఉంటే గుర్తు లెక్కలో, అంటే ప్లస్సా మైనస్సా అన్నదానిలో, పొరపాటు పడటం తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్ మాత్రం వేగాన్ని ఇలా దాచుకోదు. అది తూర్పు–పడమర, ఉత్తరం–దక్షిణం, పైకీ–కిందికీ అన్నట్టు ఎక్స్, వై, జెడ్ దిశలలో మూడు సంఖ్యలుగా దాచుకుంటుంది. దాని వల్ల వచ్చే ఇబ్బంది ఏమిటో మన కోస్తా వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను ఇక్కడ పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. బంగాళాఖాతపు తుఫానులో గాలి, పై నుంచి చూస్తే, గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. కనుక కేంద్రం కావలి దగ్గర తీరం మీద ఉన్న క్షణంలో, కేంద్రానికి ఉత్తరాన ఒంగోలు వైపు గాలి సముద్రం మీంచి నేల మీదికి వీస్తుంది. దక్షిణాన నెల్లూరు వైపు నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. ఉప్పెన కేంద్రానికి ఉత్తరం వైపు ఎక్కువగా రావడానికి ముఖ్య కారణం ఇదే. ఇప్పుడు ఈ గాలిలో తూర్పు–పడమర ముక్కను మాత్రమే, పడమరకు వీస్తే నీలం, తూర్పుకు వీస్తే ఎరుపు అని రంగుగా వేశారనుకోండి. ఒంగోలు వైపంతా నీలం, నెల్లూరు వైపంతా ఎరుపు వస్తుంది. చూసినవాడు ఇవి రెండు వేర్వేరు గాలులు కాబోలు అనుకుంటాడు. చుట్టు వేగాన్ని రంగుగా వేస్తే రెండు వైపులా ఒకే గుర్తు, ఒకే రంగు. ఒకే సుడి ఒకే సుడిగా కనిపిస్తుంది. సైక్లోన్ అనే మాటను 1840ల్లో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ పాము చుట్టను దృష్టిలో పెట్టుకుని తుఫానుకు పెట్టాడు. ఆ మాటే తరువాత మన మిల్లు మీది రేకు గొట్టానికి కూడా వచ్చింది. కాబట్టి తుఫానును చూసే కన్నుతోనే మిల్లు గొట్టాన్ని కూడా చూద్దాం.

ఒక బిందువు దగ్గర లెక్క చేసి చూపిస్తాను. కాగితం ఉన్నవారు రాసుకోండి. ఇరుసు మూలబిందువు గుండా నిలువుగా ఉంది. మన బిందువు ఎక్స్ దిశలో 0.3 మీటర్లు, వై దిశలో 0.4 మీటర్ల దూరంలో ఉంది. అంటే ఇరుసు నుంచి దూరం 0.5 మీటర్లు. అక్కడ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వేగం ఎక్స్ దిశలో సెకనుకు మైనస్ 8.6 మీటర్లు, వై దిశలో 5.2 మీటర్లు. ఆకు వేగం కావాలంటే, ఎక్స్ దూరాన్ని ఎక్స్ వేగంతో, వై దూరాన్ని వై వేగంతో గుణించి, రెండింటినీ కూడి, ఇరుసు నుంచి ఉన్న దూరంతో భాగించాలి: మైనస్ 2.58కి 2.08 కలిపితే మైనస్ 0.5, దాన్ని 0.5తో భాగిస్తే మైనస్ 1. చుట్టు వేగం కావాలంటే అడ్డంగా గుణించాలి: ఎక్స్ దూరాన్ని వై వేగంతో గుణించి, అందులోంచి వై దూరం, ఎక్స్ వేగాల లబ్ధాన్ని తీసివేసి, మళ్ళీ దూరంతో భాగించాలి. 1.56 లోంచి మైనస్ 3.44 తీసివేస్తే 5, భాగిస్తే 10. అంటే ఇక్కడ గాలి సెకనుకు 10 మీటర్ల వేగంతో చుట్టూ తిరుగుతూ, 1 మీటరు వేగంతో ఇరుసు వైపు లోపలికి జారుతోంది. మైనస్ 8.6, 5.2 అన్న రెండు సంఖ్యలలో ఈ కథ ఎక్కడైనా కనిపించిందా?

ఇదే బిందువు దగ్గర ఇంకొకటి గమనించండి. ఆ రెండు ముక్కలనూ కలిపి పరిమాణం తీస్తే సుమారు 10.05 వస్తుంది. లోపలికి జారే ఆ 1 మీటరు వేగం అసలు లేకపోయి ఉంటే పరిమాణం 10.00. ఈ రెండు సంఖ్యలకు రంగులో తేడా ఏ కన్నూ పట్టలేదు. పదో వంతు ఉన్న ముక్క, పరిమాణంలోకి వచ్చేసరికి వర్గాల లెక్క వల్ల రెండు వందల్లో ఒక వంతుగా కుంచించుకుపోయింది. సుడిలో పెద్ద ముక్క చిన్న ముక్కను ఇలా మింగేస్తుంది. అయితే చాలాచోట్ల పని చేసేది ఆ చిన్న ముక్కే. దీనికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు సైక్లోన్ దగ్గరికి వెళదాం. మిల్లులో పనిచేసేవారికి దాని ఆకారం చెప్పక్కర్లేదు గానీ విద్యార్థుల కోసం రెండు మాటలు. పైన గుండ్రని పీపా, కింద సన్నబడే గరాటు, పై మూత మధ్యలోంచి కొంతదూరం లోపలికి దిగిన గొట్టం. దుమ్ముతో ఉన్న గాలి పీపాలోకి పక్కనుంచి, గోడను ఒరుసుకుంటూ ప్రవేశిస్తుంది. గోడ వెంట తిరుగుతూ కిందికి దిగుతుంది, గరాటు అడుగుకు చేరేలోగా లోపలికి మళ్ళి, నడిమధ్యన తిరుగుతూ పైకి లేచి, లోపలి గొట్టం గుండా బయటికి పోతుంది. బరువైన తవుడు గోడకు విసిరివేయబడి కిందికి జారి, గాలిని ఆపి తవుడును మాత్రం కిందికి వదిలే ఎయిర్‌లాక్‌లో పడుతుంది. ఎయిర్‌లాక్ సంగతి పక్కన పెడితే, సైక్లోన్ లోపల కదిలే యంత్రభాగం ఒక్కటి కూడా లేదు. పని అంతా సుడిదే.

బయటి సుడి కిందికి, లోపలి సుడి పైకి. అది విన్న ప్రతి విద్యార్థీ వేసుకునే ఊహ ఏమిటంటే, దిశ మారింది కనుక లోపలి సుడి ఎదురు దిక్కుకు తిరుగుతూ ఉండాలి అని. అది తప్పు. ఇదిగో, ఇది ఇరుసు వేగం బొమ్మ: గోడల వెంట నీలం, అంటే కిందికి, మధ్యలో ఎరుపు, అంటే పైకి. రెండింటి నడుమ తెల్లని గీత, అక్కడ ఇరుసు వేగం సున్నా. పక్కనే ఇది చుట్టు వేగం బొమ్మ: ఎక్కడ చూసినా ఒకే గుర్తు. ఆ తెల్లని గీతను దాటేటప్పుడు చుట్టు వేగానికి ఏమీ కాలేదు. పైకీ కిందికీ మారుతుందే తప్ప తిరిగే దిక్కు మారదు. ఎందుకు మారాలి? లోపలికి మళ్ళిన గాలి తన తిరుగుడును వెంట తెచ్చుకుంటుంది. దాన్ని వెనక్కి తిప్పే శక్తి అక్కడ ఏదీ లేదు. పైగా ఇరుసుకు దగ్గరయ్యే కొద్దీ చుట్టు వేగం పెరుగుతుంది, తిరిగే కుర్చీలో కూర్చున్నవాడు చాచిన చేతులు దగ్గరికి తీసుకుంటే వేగం పెరిగినట్టు. ఆ పెరుగుదల ఒక చోట శిఖరానికి చేరి, అక్కడి నుంచి ఇరుసు దాకా గట్టి చక్రంలా తగ్గుతూ సున్నా అవుతుంది. ఈ రెండు ముక్కల సుడి రూపానికి రాంకిన్ పేరు ఉంది. నిజమైన సైక్లోన్ అచ్చంగా రాంకిన్ సుడి కాకపోయినా దానికి దగ్గరగానే ఉంటుంది. ఇదంతా ఒకే లెక్కలోంచి తీసిన రెండు బొమ్మలు చెప్పిన సంగతి. మొదట చూపిన అందమైన బొమ్మకు ఇందులో ఒక్కటీ తెలియదు.

సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఎలా చేయాలో త్వరగా చెబుతాను. విద్యార్థులు, లెక్క ఫలితాలను బొమ్మలుగా చూపే, ఉచితంగా దొరికే పారావ్యూతో మొదలుపెట్టండి. దాని పని 2000లో మొదలై, తొలి విడుదల 2002లో వచ్చింది. లెక్కకు ఓపెన్‌ఫోమ్ ఉంది, అది 2004 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. పారావ్యూలోని కాలిక్యులేటర్ ఫిల్టరుకు బిందువుల నిర్దేశాంకాలు తెలియాలంటే దత్తాంశం బిందువుల మీద ఉండాలి. కొత్తవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు: వేగం గడుల మీద, అంటే లెక్క కోసం గాలిని విడగొట్టిన చిన్న చిన్న గదుల మీద, మాత్రమే ఉంటే నిర్దేశాంకాల పేర్లు జాబితాలో కనబడవు, ఫార్ములా పనిచేయదు, సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకుంటారు. ముందు గడుల దత్తాంశాన్ని బిందువుల మీదికి మార్చే ఫిల్టరు వేసి, ఆపైన కాలిక్యులేటర్ వేయండి. అయితే ఈ మార్పు పక్క గడుల సగటు తీస్తుంది కనుక గోడను ఆనుకుని ఉన్న విలువలు కాస్త మసకబారతాయి. గోడ పక్క పొరే మీ విషయమైతే గడుల కేంద్రాలను నేరుగా తీసుకోండి.

ఇరుసు నిలువుగా లేకపోతే? మూలబిందువు గుండా పోకపోతే? దానికి ఒక చక్కని దారి ఉంది. ఇరుసు మీద ఏదో ఒక బిందువు నుంచి మీ బిందువుకు గీసిన సదిశను తీసుకోండి. ఇరుసు దిశతో దానికి వజ్రలబ్ధం (క్రాస్ ప్రొడక్ట్) తీయండి, ఇరుసును ముందు పెట్టి. వచ్చిన సదిశ తనంతట తానే పట్టా దిశలో నిలుస్తుంది, ఎందుకంటే ఇరుసు వెంట ఉన్న భాగం వజ్రలబ్ధంలో మాయమైపోతుంది. దాని పొడవుతో భాగించి, వేగంతో బిందులబ్ధం (డాట్ ప్రొడక్ట్) తీస్తే చుట్టు వేగం. వాలుగా పెట్టిన పంపులకు, వంగిన గొట్టాల ముక్కలకు నేను ఇదే వాడతాను. ఇరుసు మీదనే ఉన్న బిందువుల దగ్గర సున్నాతో భాగించాల్సి వస్తుంది, తెర మీద వింత రంగు చుక్కలు వస్తాయి. ఇరుసు నుంచి ఒక గడి వెడల్పు లోపల ఉన్న బిందువులను బొమ్మలోంచి తీసేయడం నాకు తెలిసినంతలో నిజాయితీ అయిన పద్ధతి.

ఫ్లుయెంట్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఇంత శ్రమ లేదు; చుట్టు వేగం, ఆకు వేగం జాబితాలోనే ఉంటాయి. కాని అది ఏ ఇరుసు చుట్టూ లెక్కిస్తోంది? మీరు ద్రవ మండలానికి, అంటే గాలి ఉన్న భాగానికి, ఇచ్చిన భ్రమణాక్షం చుట్టూ. మీరు ఏమీ ఇవ్వకపోతే మూలబిందువు గుండా పోయే జెడ్ అక్షం చుట్టూ. అది మిమ్మల్ని అడగదు, హెచ్చరించదు, హాయిగా బొమ్మ గీసి ఇస్తుంది. ఇక నా సొంత కథ చెప్పే వేళ అయింది.

కొన్నేళ్ళ కిందట ఒక మిల్లుకు సైక్లోన్ లెక్క చేసి ఇచ్చాను. ఏ మిల్లు అన్నది అనవసరం, తప్పు నాది. పీపా వ్యాసం ఒక మీటరు. డ్రాయింగును ఎవరో గీసి పంపారు, మూలబిందువు పీపా మధ్యలోనే ఉందని నేను అనుకున్నాను, చూసుకోలేదు. అసలు ఇరుసు అక్కడి నుంచి 5 సెంటీమీటర్లు పక్కకు ఉంది. ఐదు సెంటీమీటర్లు ఎంత, బెత్తెడు కూడా లేదు. చుట్టు వేగం బొమ్మ చక్కగానే వచ్చింది, ఎవరికీ అనుమానం రాలేదు. ఆకు వేగం బొమ్మ కూడా తీసి నివేదికలో పెట్టాను. దాన్ని చూసింది మిల్లులో పాతికేళ్ళుగా ఫిట్టరుగా ఉన్న పెద్దాయన. నివేదిక ఇంగ్లీషులో ఉంది, ఆయన బొమ్మ ఒక్కటే చూశాడు. చూసి, "ఏంది సార్ ఇది, ఒక పక్క గాలి గోడకేసి పోతా ఉండాది, ఇంకో పక్క గోడ కాణ్ణించి లోపలికొస్తా ఉండాది. మన సైక్లోన్‌లో తవుడు రెండు పక్కలా ఒకేమాదిరి పడతా ఉంది గదా" అన్నాడు.

నేను ఆయనకు అల్లకల్లోలం గురించి, గాలి ఒక్క పక్కనుంచే ప్రవేశించడం గురించి ఏదో చెప్పి సర్దిచెప్పి వచ్చాను. ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. మర్నాడు లెక్క వేసి చూస్తే సంగతి బయటపడింది. అసలు ఇరుసు నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో చుట్టు వేగం 15 మీటర్లు అనుకోండి. ఇరుసును 5 సెంటీమీటర్లు పక్కకు జరిపితే, అక్కడ మనం ఆకు దిశ అనుకునేది నిజమైన ఆకు దిశ నుంచి 7 డిగ్రీల పైచిలుకు పక్కకు తిరుగుతుంది. ఆ తిరుగుడు వల్ల చుట్టు వేగంలో ఎనిమిదో వంతు, అంటే దాదాపు 1.9 మీటర్లు, దొంగతనంగా ఆకు వేగంలోకి వచ్చి చేరుతుంది. ఆ చోట నిజమైన ఆకు వేగం 1 మీటరు కూడా లేదు! నేను నివేదికలో రంగులు వేసి చూపించింది గాలిని కాదు, నా తప్పును. చుట్టు వేగం మీద మాత్రం అదే 7 డిగ్రీల ప్రభావం నూటికి ఒక వంతుకు లోపే, అందుకే అది చక్కగా ఉన్నట్టు కనిపించింది.

ఆ పెద్దాయన చూసిన గుర్తు మీరూ నేర్చుకోండి. ఆకు వేగం బొమ్మలో అడ్డుకోత తీస్తే సగం ఎరుపు, సగం నీలం వచ్చిందా, మొదట ఇరుసును అనుమానించండి. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక్క పక్కనుంచే గాలి ప్రవేశించే సైక్లోన్‌లో నిజమైన సుడి కేంద్రం కూడా పీపా మధ్యలోనే నిలబడదు. అది కొద్దిగా మెలి తిరిగి, తాడులా వంకర్లు పోతుంది. అప్పుడూ ఇలాంటి సగం–సగం రంగులే వస్తాయి, అవి నిజమైనవి. రెండింటినీ వేరు చేయడం ఎలా? ఐదారు ఎత్తులలో అడ్డుకోతలు తీసి ఒకదాని కింద ఒకటి పెట్టండి. తప్పు ఇరుసుదైతే ఎరుపు ప్రతి కోతలోనూ ఒకే వైపు ఉంటుంది. సుడి మెలి తిరిగినదైతే ఎత్తు మారేకొద్దీ ఎరుపు చుట్టూ జరుగుతుంది. నేను ఆ మర్నాడు చేసింది ఇదే. అన్ని కోతలలోనూ ఎరుపు ఒకే వైపు, డ్రాయింగులో మూలబిందువు ఉన్న వైపుతో చక్కగా లంబంగా, నిలబడి కనిపించింది. సవరించిన నివేదిక పట్టుకుని మళ్ళీ ఆ మిల్లుకు వెళ్ళాను. ఆయన నవ్వలేదు, నాకు టీ తెప్పించాడు.

రంగుల గురించి ఒక్క మాట. చుట్టు వేగానికి, ఆకు వేగానికి గుర్తు ఉంది, ధనం, ఋణం. కనుక వాటికి మధ్యలో తెలుపు, ఒక పక్క నీలం, ఒక పక్క ఎరుపు ఉన్న రంగుపట్టీ సరిపోతుంది. కాని ఆ తెలుపు సున్నా దగ్గరే ఉండాలన్న నియమం సాఫ్ట్‌వేర్‌కు లేదు. అది కనిష్ఠానికి, గరిష్ఠానికి సరిగ్గా నడుమ పెడుతుంది. ఆకు వేగం మైనస్ 3 నుంచి 1 వరకు ఉంటే తెలుపు మైనస్ 1 దగ్గర పడుతుంది, దాంతో లోపలికి వచ్చే గాలిలో కొంత భాగం బయటికి పోతున్నట్టు ఎర్రగా కనిపిస్తుంది. పట్టీ పరిధిని మైనస్ 3 నుంచి 3 అని చేత్తో దిద్దండి. ఇంద్రధనుస్సు రంగులు మాత్రం వద్దు. పసుపు గీత ఉన్న చోట గాలిలో ఏదో జరుగుతోందనిపిస్తుంది. అక్కడ ఏమీ జరగడం లేదు, పసుపు కంటికి ప్రకాశంగా ఉంది, అంతే.

ఇప్పుడు చిన్న ముక్క చేసే పెద్ద పని గురించి. ఆక్వా రైతులు ఇంతసేపు ఓపికగా కూర్చున్నారు, ఇది వారి విషయం. రొయ్యల గుంటలో నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లను వరుసగా ఒకే దిక్కుకు తిప్పి నిలబెడతారు, నీళ్ళు గుంట చుట్టూ తిరుగుతాయి, మిగిలిన మేత, విసర్జన అంతా అడుగున మధ్యకు చేరుతుంది. తిరిగే నీటిలో బరువైనది బయటికి కదా పోవాలి, మధ్యకు ఎందుకు వస్తోంది? సైక్లోన్‌లో తవుడు గోడకే పోయింది కదా? టీ గ్లాసులో చెంచా తిప్పి ఆపితే తేయాకు మధ్యకు చేరడమూ ఇదే, నదుల వంకర్ల గురించి 1926లో రాసిన వ్యాసంలో ఐన్‌స్టీన్ దీన్ని వివరించాడు. పైన వేగంగా తిరిగే నీరు గట్టు వైపు నెట్టుకుంటుంది, దానివల్ల గట్టు దగ్గర నీటి ఒత్తిడి ఎక్కువ, మధ్యలో తక్కువ. అడుగున నేలకు రాసుకునే నీరు నెమ్మదిగా తిరుగుతుంది కనుక దానికి బయటికి నెట్టుకునే శక్తి చాలదు. పైనున్న ఒత్తిడి తేడా దాన్ని లోపలికి తోస్తుంది. ఆ పలుచని పొర మురికిని మధ్యకు ఊడుస్తుంది.

చుట్టు వేగం సెకనుకు 10 సెంటీమీటర్లు, అడుగున ఆకు వేగం 1 సెంటీమీటరు అనుకుందాం. పరిమాణం బొమ్మలో ఈ ఊడ్పు కనిపించదని ఇందాకటి లెక్కతోనే తేలింది. చుట్టు వేగం బొమ్మలోనూ కనిపించదు. ఆకు వేగాన్ని వేరే రంగుపట్టీ మీద, అడుగు నుంచి కొద్ది ఎత్తులో అడ్డుకోత తీసి చూస్తేనే, మధ్య చుట్టూ నీలం ఉంగరంలా కనిపిస్తుంది. ఆ ఉంగరం ఎక్కడ ముగుస్తుందో మురికి అక్కడ కుప్పపడుతుంది. గుంట చతురస్రంగా ఉంటే మూలల్లో వేరే చిన్న సుళ్ళు ఉంటాయి, వాటికి మధ్య ఇరుసుతో సంబంధం లేదు. ఒక్క ఇరుసు చుట్టూ తీసిన ఆకు వేగం అక్కడ అర్థం ఇవ్వదు. అక్కడ బాణాలే నయం.

బాణాలంటే గుర్తొచ్చింది. సైక్లోన్ అడ్డుకోత మీద పూర్తి వేగపు బాణాలు వేస్తే, కాగితంలోంచి బయటికి పొడుచుకొచ్చే ఇరుసు వేగం వల్ల బొమ్మ ముళ్ళకంపలా ఉంటుంది. కోత తలంలో ఉన్న ముక్కను మాత్రమే తీసుకుని బాణాలు వేయండి. గాలి పోయే దారిని చూపే గీతలైన ప్రవాహరేఖలకు మొదలుబిందువులను ప్రవేశద్వారం దగ్గరే పోసేవారు చాలామంది. అప్పుడు రేఖలన్నీ గోడ వెంటే దిగుతాయి, కొన్ని మాత్రమే మధ్యకు చేరతాయి. లోపలి గొట్టం కిందనుంచి వెనక్కి కూడా రేఖలు తీస్తే ఆ గాలి ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది.

భ్రమణత అనే ఇంకొక రాశి ఉంది, జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1858లో దాని మీద మూల వ్యాసం రాశాడు. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క క్లిక్కుతో వస్తుంది కనుక సుడి చూపమంటే అందరూ దాన్ని చూపిస్తారు. అది గాలి ముక్క తన చుట్టూ తాను తిరగడాన్ని కొలుస్తుంది, ఇరుసు చుట్టూ తిరగడాన్ని కాదు. దూరానికి విలోమంగా చుట్టు వేగం తగ్గే బయటి సుడిలో భ్రమణత సున్నా, అయినా గాలి తిరుగుతూనే ఉంది. నిటారు గొట్టంలో తిన్నగా పోయే నీటిలో సుడి లేదు, అయినా గోడ దగ్గర భ్రమణత నిండుగా ఉంది. గోడ రాపిడిని, సుడిని విడదీయడానికి 1988లో క్యూ ప్రమాణం, 1995లో లాంబ్డా రెండు ప్రమాణం వచ్చాయి. అవి ఇరుసు తెలియని చోట, చిన్న చిన్న సుళ్ళను వెతకడానికి పనికొస్తాయి. ఇరుసు తెలిసిన చోట చుట్టు వేగాన్ని మించినది లేదు.

ఒంగోలు గిత్తను కొనేవాడు మెడ మీద, వీపు మీద సుళ్ళు వెతికి చూస్తాడు కదా. ఈ జాతే బ్రెజిల్‌కు పోయి నెలోర్ అని మన ఊరి పేరుతో పిలిపించుకుంటోంది. ఆ సుడిని చూసే మనిషి కూడా వెంట్రుకలు ఎంత ఒత్తుగా ఉన్నాయని చూడడు. నడిబిందువు ఎక్కడుంది, ఎటు తిరిగింది, ఆ రెండే చూస్తాడు.

మిగిలినవి పొడిపొడిగా చెప్పి ముగిస్తాను. కె–ఎప్సిలాన్ అనే మామూలు అల్లకల్లోల నమూనాతో సైక్లోన్ లెక్క చేస్తే చుట్టు వేగపు శిఖరం చదునుగా అయిపోయి, గాలి మొత్తం గట్టి చక్రంలా తిరుగుతున్నట్టు వస్తుంది. బొమ్మ ఎంత జాగ్రత్తగా గీసినా అది తప్పు బొమ్మే. రేనాల్డ్స్ ప్రతిబలాల నమూనా వాడండి, ఖరీదైనా సరే. ఫస్ట్ ఆర్డర్ అనే ముతక లెక్కింపు పద్ధతులు సుడిని దారిలోనే కరిగించేస్తాయి. కాలపు సగటు తీశాక చుట్టు వేగం లెక్కించినా, లెక్కించి సగటు తీసినా ఒకటే, కాని ఊగిసలాట తీవ్రతకు అది వర్తించదు; ఎక్స్, వై ఊగిసలాటలు వేర్వేరుగా ఉంటే చాలదు, రెండింటి ఉమ్మడి పదం కూడా దాచుకోవాలి. పంపుల లెక్కలో పంపు రెక్కలతో కలిసి తిరిగే చట్రం ఉంటుంది కనుక, ఆ చట్రంతో పోల్చిన సాపేక్ష వేగమా, కదలని నేలతో పోల్చిన నిరపేక్ష వేగమా అన్నది బొమ్మ కింద రాయకపోతే ఆ బొమ్మకు విలువ లేదు.

ప్రశ్నలు ఉంటే అడగండి. వెనక వరసలో మిల్లు నుంచి వచ్చిన అన్న చెయ్యి ఎత్తారు. లోపలి గొట్టం తుప్పు పట్టి కిందిభాగం ఊడిపోతే, మిగిలిన పొట్టి గొట్టంతో తవుడు పైనుంచి ఎగిరిపోతోందట. బొమ్మలో అది ఎక్కడ కనిపిస్తుందని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. గొట్టం అంచుకు సరిగ్గా కింద, ఆకు వేగంలో. అక్కడ గొట్టం ఎంత పొడవున్నా లోపలికి లాగే ఒక గుంజుడు ఉంటుంది. దూరిన గాలిలో కొంత కిందికి దిగకుండానే అడ్డదారిన ఆ అంచు కిందనుంచి గొట్టంలోకి పోతుంది. గొట్టం పొట్టిదైతే ఆ అంచు గాలి ప్రవేశించే ఎత్తుకు వచ్చేస్తుంది, ఇంకా గోడకు చేరని తవుడు కూడా ఆ అడ్డదారే పడుతుంది. చుట్టు వేగం బొమ్మలో తేడా పెద్దగా తెలియదు, పరిమాణం బొమ్మలో అసలు తెలియదు. మీ గొట్టం ఇప్పుడు ఎంత పొడవుందో, ప్రవేశద్వారం అడుగు అంచు ఎంత కిందికి ఉందో టేపు పెట్టి కొలిచి ఇవ్వండి. ఇరుసు ఎక్కడుందో మాత్రం ఈసారి నేనే కొలుచుకుంటాను.